కొండ ద్వీపమైన తరువాత

నాగార్జునకొండమీద తొలిసారిగా అడుగుపెట్టిన యాత్రికుడు, సాయంకాలపు చివరి పడవకు ముందు, ప్రదర్శనశాలలోని బుద్ధమూర్తి యెదుట నిలుస్తాడు. ఆ మూర్తి స్వస్థలం ఈ శిఖరం కాదు; ఇక్ష్వాకులు మూడవ శతాబ్దంలో ఏలిన, ఇప్పుడు కృష్ణ అడుగున ఉన్న విజయపురి లోయ. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. 1960 వరకు లోయను త్రవ్వి, శిల్పాలను తరలించి, కొన్ని స్తూపాలను, విహారాలను కొండపైన తిరిగి కట్టారు. 1967లో కాలువలకు నీరు వదిలారు. ఎండిన చేలు తడిసినవి; అన్నం పెట్టే నీటితో రాయి వాదించలేదు, వాదించరాదు కూడా.

అయితే రక్షణ అనే మాటలో ఒక తీర్పు దాగి ఉన్నది. ఎత్తవలసినదేదో నిర్ణయించినవారే విడువవలసినదానినీ నిర్ణయించారు. బుద్ధునికి కొండమీద చోటు దొరికింది. మునిగిన పల్లెల గడపలకు దొరకలేదు. కరుణామూర్తి దీనిని సమ్మతించి ఉండేవాడా?

పడవవాడు కేక వేస్తాడు. యాత్రికుడు రేవుమెట్లు దిగుతూ, ఈ నీటిక్రింద పాత బాట ఏ వైపునకు పోయేదని అతణ్ణి అడుగుతాడు.