విచారణ

దయ హృదయమునుండి తనంత తాను పుట్టవలెను గాని, దానికి వారమును వేళయు నిర్ణయింపరాదని మన విద్యావంతులలో అనేకులు తలంచుచున్నారు. గంట మ్రోగినప్పుడు దేవుని తలంచువాడును, వంతు వచ్చినప్పుడు దరిద్రుని తలంచువాడును యంత్రములవంటివారనియు, మనసు కరిగిననాడు చేసిన మేలే మేలనియు వీరి వాదము. ఇది వినుటకు ఇంపుగా నున్నది. అందుచేతనే కొంత పరీక్షింపవలసి యున్నది. పరీక్షకు తగిన తావు మనకు దూరమున లేదు. తెలుగుదేశమున గుంటూరు, కృష్ణా, నెల్లూరు, కడప మున్నగు జిల్లాలలోని కతోలిక క్రైస్తవ సమాజములు వారము వారమును గడపుకొను జీవనమును చూచిన చాలును. ఆ మతసిద్ధాంతముల మంచిచెడ్డలను నేనిక్కడ చర్చింపబోవుట లేదు. నియమమునకు కట్టుబడి చేసిన మేలు నిజముగా మేలగునా కాదా యన్నదే ప్రశ్న.

ముందుగా ఒక మాటను గమనింతము. ఒక గురువు పాలనలో నుండు కతోలికుల సమాజమును తెలుగువారు 'విచారణ' యందురు. ఆ గురువు 'విచారణ గురువు'. న్యాయస్థానములో జరుగు విచారణ మనకు తెలియును. వేదాంతులు చేయు ఆత్మవిచారణయు తెలియును. కాని, ఇంటికి వచ్చిన చుట్టమును "పిల్లలు కులాసాయా, పంట యెట్లున్నది?" అని అడుగుటయు విచారించుటయే. యోగక్షేమవిచారణ యని మనము వాడుచున్న మాట ఇదే. ఇంగ్లీషువారి 'ప్యారిష్' అను పేరునకు మూలమైన గ్రీకుపదము పొరుగున నివసించుటను, పరదేశమున బసచేయుటను తెలుపును. ఆ పేరు జనులెట్లు నివసించుచున్నారో చెప్పినది. తెలుగు పేరు వారు చేయవలసిన పనిని చెప్పినది. ఈ పేరు పెట్టినవారెవరైనను మన భాష యెరిగి పెట్టినారు.

పేరునకు తగిన విధియు కలదు. 1983లో ప్రకటింపబడిన కతోలిక ధర్మశాస్త్రము విచారణ గురువు తనకప్పగింపబడిన జనులను ఎరిగియుండవలెననియు, వారి యిండ్లకు పోవలెననియు, వారి చింతలలోను దుఃఖములలోను పాలుపంచుకొనవలెననియు, దరిద్రులను, రోగులను, ఒంటరివారిని వెదకి చూడవలెననియు శాసించుచున్నది. ఇది గురువు మంచితనమునకు విడిచిపెట్టిన విషయము కాదు, ఆయన ఉద్యోగధర్మము.

ఇక ఈ విచారణలో వారమెట్లు గడచునో చూతము. ఆదివారమున గుడిగంట మ్రోగును, దివ్యబలిపూజ జరుగును. వేదపఠనము, ప్రసంగము, లోకమందలి అందరి యక్కరలకై ప్రార్థనలు, కానుకలు, దివ్యసత్ప్రసాదము - ఇది దాని క్రమము. 1963 డిసెంబరు 4వ తేదీన రెండవ వాటికను మహాసభ దేశభాషలకు తావిచ్చు శాసనము చేయువరకు ఈ పూజ లాటినుభాషలో జరిగెడిది. పిమ్మట తెలుగులోనికి వచ్చినది. పిల్లలకు సత్యోపదేశమును నేర్పుదురు. ప్రధానగ్రామమున గుడి యొకటి యున్నను విచారణలో పల్లెలు పెక్కులుండును. కావున గురువు మిగిలిన దినములలో ఆ పల్లెలకు వంతులవారీగా పోవును. కూలికి పోయినవారు పొలమునుండి తిరిగివచ్చి, స్నానములు చేసి, పిల్లలకింత పెట్టి వచ్చునప్పటికి చీకటి పడును. పూజయు అప్పుడే జరుగును. గురువు రాని దినములలో ఆ పల్లెలోని ఉపదేశి జపము చెప్పించును. తపస్సుకాలపు శుక్రవారములలో 14 స్థలముల సిలువమార్గము నడుతురు. నెలకు మొదటి శుక్రవారమున గుడికి రాలేని రోగులకు సత్ప్రసాదమును ఇంటికి కొనిపోవు ఆచారము పలుచోట్ల కలదు. ప్రతిదినమును ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము చెప్పుకొను త్రికాల జపము మన సంధ్యలను జ్ఞప్తికి తెచ్చును.

ఇందులో ఆదివారపు పూజ ఇష్టమున్నవారికి మాత్రమే కాదు. విశ్వాసులందరికిని అది విధి. రోగికిని, పసిబిడ్డను విడిచి రాలేని తల్లికిని మినహాయింపు గలదు, సోమరికి లేదు. ఇట్టి నిర్బంధములో భక్తి యెక్కడ నున్నదని మన మిత్రులు అడుగుదురు. కొందరు అలవాటు చేతనే వత్తురనియు, కొందరు నలుగురికి జడిసి వత్తురనియు, కొందరు ప్రసంగము జరుగుచుండగా కునికిపాట్లు పడుదురనియు వారు చెప్పునది నిజమే.

కాని మన పూర్వులీ ప్రశ్నను ఎరుగనివారు కారు. మీమాంసకులు కర్మలను నిత్యములు, నైమిత్తికములు, కామ్యములు అని విభజించినారు. కామ్యకర్మ ఫలము కోరువాడు చేయునది. కోరిక లేనివాడు మానవచ్చును. నిత్యకర్మ అట్లు కాదు. దానిని చేసినందున విశేషఫలము లేదని చెప్పువారు సైతము, చేయకున్న దోషము కలదని చెప్పినారు. పాశ్చాత్యులలో ఆరిస్టాటిలు, వీణ వాయించి వైణికుడైనట్లు సత్కార్యములు చేయుచు చేయుచు సత్పురుషుడగునని బోధించెను. కాంటు 1785లో ప్రకటించిన నీతిగ్రంథమున ఇంకొక మెట్టు పైకి పోయెను. తన దుఃఖముచేత మనసు మోడువారినవాడు, ఇతరులయెడ ఏ జాలియు కలుగకపోయినను, కర్తవ్యమని లేచి సాయపడినయెడల, ఆ కార్యమునకే నిజమైన నైతికమూల్యము కలదని ఆయన మతము. ఈ మువ్వురును దేశకాలములచే వేరైనవారు. మనసు కరుగువరకు ధర్మము వేచియుండరాదను విషయమున వారికి భేదము లేదు.

ఏల వేచియుండరాదు? మనసు కరుగుటలో రెండు లోపములు గలవు. ఒకటి, అది కంటికి కనబడినదానికే కరుగును. ముద్దులొలుకు బిడ్డ చేయిచాచిన కరుగును; తన కష్టమును కథగా చెప్పనేర్చినవానికి కరుగును. పుండుతో మంచమున పడియున్న ముసలమ్మ మన కంటబడదు. నోటి దురుసుచేత కొడుకులకు సైతము కానివాడైన ముసలివాడు కంటబడినను మనసునకెక్కడు. రెండవది, అది అలసిపోవును. పక్షవాతము వచ్చినవానిని మొదటివారము ఊరెల్ల చూచిపోవును; నాలుగవ మాసమున వాని గడప త్రొక్కువారు అరుదు. రోగము వారము తప్పదు. ఆకలి పూట తప్పదు. తప్పని కష్టమునకు తప్పిపోవు దయ యెట్లు సరిపడును? సాయమందుకొనువాని గుమ్మమున నిలిచి చూచినయెడల, నియమము దయకు శత్రువు కాదు. దయను రేపటివరకు నిలుపునది అదియే.

విచారణలలో పనిచేయు రెండు సంఘములు ఇందుకు దృష్టాంతములు. 1833లో పారిసు నగరమున ఫ్రెడెరిక్ ఓజనాము అను ఇరువది యేండ్ల విద్యార్థియు, ఆయన మిత్రులును కలిసి విన్సెంట్ డి పాల్ పేర నొక సంఘమును స్థాపించిరి. మతమును గూర్చి వాదములు చేసిన చాలునా, దరిద్రులకు మీరు చేయుచున్నదేమి యన్న ఆక్షేపణ వారికి తగిలినది. రోజాలి రెండు అను సన్యాసిని వారికి దరిద్రుల వాడలను చూపెను. పేదవానిని తమ గుమ్మమునకు రప్పించుకొనక తామే వాని యింటికి పోవుట ఆ సంఘపు ముఖ్యనియమము. సభ ముగియునప్పుడు ఒక సంచి చేతులు మారును. ఎవరెంత వేసిరో పక్కవానికి తెలియదు. మన పెద్దలు మెచ్చిన గుప్తదానము ఇచ్చట వాడుకగా ఏర్పడినది.

రెండవది 1921 సెప్టెంబరు 7వ తేదీన డబ్లిను నగరమున ఫ్రాంకు డఫ్ స్థాపించిన మరియదళము. దీని సభ్యులు వారమునకొకమారు సమావేశమగుదురు. ఇద్దరిద్దరుగా ఇండ్లకును ఆసుపత్రులకును పోయి, ఎవరిని చూచిరో, ఏమి చేసిరో మరుసటి సమావేశమున చెప్పవలెను. ధనసహాయము, వస్తుసహాయము చేయుట వీరి నియమములకు విరుద్ధము. బియ్యమీయక, రూపాయి యీయక ఒకరింటికి పోవుటవలన ప్రయోజనమేమని అడుగవచ్చును. దాత రాగా ఇంటివాడు చేతులు కట్టుకొని నిలుచును. ఏమియు తేనివాడు రాగా చాప పరచి కూర్చుండబెట్టును, తన మాట చెప్పుకొనును. మనుష్యునకు బియ్యము కావలెను; తన మాట వినువాడును కావలెను. ఈ రెండక్కరలకును ఈ రెండు సంఘములు చాలినవని నేననను. రెండక్కరలు వేరని అవి గుర్తించినవి.

ఇది కొత్తపుంతయు కాదు. క్రీస్తుశకము రెండవ శతాబ్దమున జస్టిను అను తత్త్వజ్ఞుడు రోముచక్రవర్తికి వ్రాసికొన్న విజ్ఞాపనములో నాటి క్రైస్తవుల ఆదివారపు కూటమును వర్ణించెను. చదువుట, ప్రసంగము, ప్రార్థన, రొట్టెను పంచుకొనుట ముగిసిన పిమ్మట, రానివారికి వారి భాగమును ఇంటికి పంపెడివారు. కలవారు తమకు తోచినంత ఇచ్చినది పెద్దయొద్ద నుంచి, అనాథలకు, విధవలకు, రోగులకు, చెరలో నున్నవారికి, పరదేశులకు వినియోగించెడివారు. వచ్చినవారిని లెక్కించుట ఏ సభయైనను చేయును. రానివానికి భాగముంచుట విచారణ లక్షణము.

ఇంతవరకు చదివిన సంస్కారప్రియులు, ఇది పరమతస్థుల ముచ్చట, మనకేల యనుకొనవచ్చును. మన చరిత్రలోనే దీనికి సాక్ష్యము గలదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతువివాహమును జరిపించిరి. ఆ దినమునే మనము స్మరించుచున్నాము. కాని అసలు కష్టము పెండ్లినాడు కాదు, పెండ్లి తరువాతి వారములలో వచ్చినది. వెలివేయబడిన యింట నీళ్లు మోయువారు లేరు, వంటచేయువారు లేరు. రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీరు మోసితెచ్చినారు. సంస్కరణ సభలో తీర్మానమైనది. నిలిచినది మాత్రము ఆ బిందెలవలన. పంతులుగారి కాలము తరువాత మనకు ఉపన్యాసములకు కొదువలేదు. కులాంతరవివాహము చేసికొన్న దంపతులను దండలువేసి గౌరవించు సభలకును కొదువలేదు. ఆ దంపతుల బిడ్డకు జ్వరము వచ్చిన రాత్రి తలుపు తట్టువారెవరు? ఇందునకు మనయొద్ద వంతుల పట్టిక లేదు.

అయినను విచారణను పొగడి ఊరకుండుట సత్యమునకు ద్రోహము. నియమము పాదములను నడిపించును గాని, ఎవరి గడపవరకు నడిపించునో చూడవలెను. ఒకే బలిపీఠమునుండి సత్ప్రసాదము పుచ్చుకొన్నవారు గుడి దాటగానే కులములవారీగా విడిపోవుట ఈ దేశమున నున్న విషయమే. తిరునల్వేలిసీమలోని వడక్కన్‌కుళము గుడిలో కులములను వేరుచేయు అడ్డుగోడ యుండెడిది. 1910లో దానిని పడగొట్టినారు. ఆ గోడ కిరుప్రక్కల ఎన్ని ఆదివారములు గడచినవో! గంట తప్పలేదు, పూజ తప్పలేదు. పక్కవాని యోగక్షేమము మాత్రము గోడకావల నుండిపోయినది. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో ప్రకటించిన దళిత సాధికారతా విధానపత్రము, సంఘములో కులవివక్ష ఇంకను ఉన్నదని ఒప్పుకొన్నది. 2022 ఆగస్టు 27వ తేదీన హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల అంతోనిగారు కార్డినలైరి. తెలుగువారిలోను, దళితులలోను ఆ పదవినందిన మొదటివారు ఆయనయే. ఇది సంతోషింపదగిన విషయము. కాని పైన నొకరికి జరిగిన గౌరవము క్రింద పల్లెలో రెండు వాడల నడుమ తలుపులను తనంత తాను తెరువదు. ఆ తలుపులను వారము వారమును తట్టవలసినవారు వేరుగా నున్నారు.

కావున మన మిత్రుల వాదములో ఒక పాలు సత్యము గలదు. నియమమే చాలునని తలంచినవాడు గోడప్రక్కన మోకరించి నూరేండ్లు జపము చేయగలడు. కాని దానికి మందు నియమమును విడుచుట కాదు, దానిని గోడ దాటించుట. నియమము లేని దయ తనవారియొద్దనే ఆగిపోవును; తనకు ప్రియము కానివాని వంతు సైతము వ్రాసిపెట్టిన పట్టికయే మనలను గోడకావలకు పంపగలదు. నాకు దయ కలిగినప్పుడు పోయెదననువాడు ఆ గడపకు ఎన్నటికిని పోడు. నేడు వాని వంతు గనుక పోయెదననువాడు, మొదటిమారు మొగము ముడుచుకొని పోయినను, పదవమారు వాని పిల్లల పేళ్లెరిగి పోవును. దయ కొన్నియెడల నియమమునకు ముందు నడచును. పెక్కుయెడల దాని వెనుక మెల్లగా వచ్చును.

గృహస్థులు దీనినుండి గ్రహింపదగినది కలదు. ఇందుకు మతము మార్చుకొననక్కరలేదు, సంఘము పెట్టనక్కరలేదు. మన యింట పనిచేసి పోవు మనిషి యొక వారము రాకున్న, జీతములో కోత లెక్కించుటకు ముందు ఆమె యింటికి పోయి విచారింపవచ్చును. భర్త పోయిన పొరుగింటి యామెను పదునొకండవ దినము తరువాత కూడ చూచివచ్చుటకు ఒక దినమేర్పరచుకొనవచ్చును. ఆ దినమున వానవచ్చును, చుట్టములు వత్తురు, మనకు మనసుండదు. అయినను పోవలెను. మనకు మనసులేని ఆ దినమునకూడ ఆమె ఒంటరిగానే యుండును.