కొండకు మైల ఉంటుందా?



జపాన్ అనగానే మనలో చాలామందికి ‘బుద్ధుడి దేశం’ అని ఒక గౌరవం. నాగపూర్ దీక్షాభూమికి వెళ్లొచ్చినవాళ్లకు, జపాన్‌లో పుట్టి మనవాళ్ల మధ్యే ఉండిపోయిన భదంత సురై ససాయి గారి పేరు తెలుసు. బుద్ధగయ మహాబోధి విహారం బౌద్ధుల చేతికి రావాలని ఆయన చేసిన పోరాటమూ తెలుసు. ఆ గౌరవం ఉండాల్సిందే. అయితే గౌరవంతో పాటు ఒక ప్రశ్న కూడా ఉండాలి. బౌద్ధ దేశంలో కనిపించేదంతా ధమ్మమేనా? బుద్ధుడి పేరు పెట్టి చెప్పిందల్లా బుద్ధుడు చెప్పిందేనా?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి జపాన్‌లోని ఒక కొండ దాకా వెళ్లొద్దాం. దాని పేరు తతెయామా.

అందరూ ఎక్కే కొండ

తతెయామా జపాన్ నడిబొడ్డున తొయామా ప్రాంతంలో ఉంది. 1934లో ఏర్పడిన చూబు సంగాకు జాతీయ పార్కులో ఇది భాగం. ఎత్తయిన శిఖరం 3,015 మీటర్లు. దీని పక్కనే మిదగహారా అనే అగ్నిపర్వతం ఉంది. 1836లో అక్కడ ఆవిరి పేలుడు జరిగింది. ఇప్పటికీ అది బతికున్న అగ్నిపర్వతమే. మిదగహారా అంటే అమితాభ బుద్ధుడి మైదానం అని అర్థం.

ఇప్పుడు ఈ కొండకు జనం సరదాగా వెళ్తారు. 475 మీటర్ల ఎత్తున ఉన్న స్టేషన్‌లో తాడుతో లాగే చిన్న రైలు ఎక్కితే ఏడు నిమిషాల్లో 977 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. అక్కణ్ణుంచి బస్సులో దాదాపు యాభై నిమిషాలు వెళ్తే 2,450 మీటర్ల ఎత్తులో మురోదో వస్తుంది. వసంతంలో ఆ దారికి రెండు పక్కలా మంచు గోడలు నిలబడతాయి. కొన్నేళ్లు అవి ఇరవై మీటర్ల దాకా ఉంటాయి. ఎండాకాలంలో గుడారాలు వేసుకుని ఉంటారు, రాళ్ల దారుల్లో నడుస్తారు, వేడినీటి ఊటల్లో స్నానం చేస్తారు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ కూడా మనవడి చెయ్యి పట్టుకుని మురోదో దాకా వెళ్లగలదు. ఈ దారి కొండకు అవతలి వైపు దాకా పూర్తయింది 1971లో.

‘కూలి చేసుకునేవాళ్లకు కొండలూ షికార్లూ ఎందుకు? ఇందులో ధమ్మం ఏముంది?’ అని ఎవరైనా అడగొచ్చు. బాబాసాహెబ్ ఈ సంగతి ఎప్పుడో ఆలోచించారు. 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో, యంత్రాలు వద్దనే వాదాన్ని ఆయన గట్టిగా ఖండించారు. మనిషి పశువులా బతక్కుండా ఉండాలంటే తీరిక కావాలి, తీరికను అందరికీ ఇవ్వగలిగేది యంత్రమే అన్నది ఆయన వాదన సారం. తీరిక కొందరి సొత్తుగా ఉన్నంతకాలం ఆలోచన, చదువు, ఆనందం కూడా కొందరి సొత్తుగానే ఉంటాయి. ముసలమ్మను కొండ మీదికి చేర్చిన ఆ చిన్న రైలు బాబాసాహెబ్ మాటకు సాక్ష్యం.

కానీ కొండ ఎక్కడానికి రైలు ఒక్కటే చాలదు. ‘నువ్వు రావచ్చు’ అనే మాట కూడా కావాలి. ఆ మాట తతెయామాలో ఆడవాళ్లకు చాలాకాలం దొరకలేదు.

నరకం అని పేరు పెట్టిన లోయ

మురోదో దగ్గర ఒక లోయ ఉంది, జిగొకుదాని. నరకలోయ అని అర్థం. నేల పగుళ్ల నుంచి పొగలు కక్కుతూ, బురద కుతకుత ఉడుకుతూ, కుళ్లిన గుడ్ల వాసనతో ఉంటుంది. చెట్టూ చేమా మొలవవు. దానికి దగ్గర్లోనే ఎర్రటి నీటి మడుగులున్నాయి. వాటి పేరు చి-నో-ఇకే, అంటే రక్తపు మడుగు. కింద మిదగహారా మైదానంలో చిన్నచిన్న నీటిగుంటలు చాలా ఉన్నాయి. వాటిలో నారు నాటినట్టు తుంగ గడ్డి మొలుస్తుంది. వాటిని గాకినోతా అంటారు. ఆకలి ప్రేతల వరిమడులు అన్నమాట. ఆకలి నరకంలో పడ్డవాళ్లు నాటుతూనే ఉంటారట, ఒక్క గింజా పండదట.

ఆ పేరు వింటే మనకు వేరే సంగతి గుర్తొస్తుంది. పండించి కూడా పస్తులున్నవాళ్లు ప్రేతలు కారు, మన తాతముత్తాతలు. వాళ్ల మడుల్లో గింజ పండింది, వాళ్ల గంజిలోకి రాలేదు. ఆకలికి కారణం పాపం కాదు, భూమి ఎవరి చేతిలో ఉందన్నదే కారణం.

సరే, ఆ లోయలో నిజంగా ఉన్నదేమిటి? భూమి లోపలి వేడికి నీరు ఆవిరై, గంధకపు వాయువులతో కలిసి పైకి తన్నుకొస్తుంది. అదే నరకం. నీటిలోని ఇనుము గాలి తగిలి తుప్పు పడుతుంది. అదే రక్తం. గుంటల్లో ఉన్నది తుంగ గడ్డి. ఉన్నదాన్ని ఉన్నట్టు చూడమని తథాగతుడు చెప్పాడు. అలా చూస్తే అక్కడ భయపడాల్సిన పాపం ఏదీ లేదు. జాగ్రత్తపడాల్సిన వాయువు మాత్రం ఉంది.

భయాన్ని అమ్మినవాళ్లు

పూర్వం పూజారులు ఆ కొండను అలా చూడనివ్వలేదు. చైనాలో ఎవరో కల్పించిన ‘రక్తపు మడుగు సూత్రం’ ఒకటి బుద్ధవచనం పేరుతో జపాన్‌కు వచ్చింది. అందులో మొగ్గల్లానుడి పేరు కూడా వాడుకున్నారు. దాని ప్రకారం కాన్పులో కారిన రక్తం నేలను మైలపరుస్తుంది. ఆ బట్టలు ఏట్లో ఉతికితే, దిగువన అవే నీళ్లు ముంచి పుణ్యపురుషులకు టీ కాస్తారు కాబట్టి అది మహాపాపం. అందుకని ఆడది చనిపోయాక రక్తపు మడుగులో పడుతుంది. తర్వాత నెలసరి రక్తాన్ని కూడా ఈ లెక్కలో కలిపేశారు.

ఎగువన తాకితే దిగువ నీళ్లు మైలపడతాయన్న ఈ లెక్క మనకు కొత్తదేం కాదు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగాక, సవర్ణులు ఆ చెరువును ఆవు పేడ, మూత్రం, పాలు, పెరుగు పోసి శుద్ధి చేశారు. దేశం వేరు, భాష వేరు, రోగం ఒక్కటే.

తతెయామా పూజారులు నరకలోయనీ రక్తపు మడుగునీ పెద్ద పెద్ద పటాలుగా గీయించారు. ఆ పటాలు చుట్టుకుని ఊరూరా తిరిగి చూపించారు. అవి చూసిన ఆడవాళ్లు వణికిపోయేవాళ్లు. అప్పుడు విరుగుడు చెప్పేవాళ్లు: డబ్బులిస్తే నీ పేరున ఆ సూత్రం ప్రతిని మడుగులో వేస్తాం, నీకు విముక్తి కలుగుతుంది అని. భయం అమ్మినవాడే మందు కూడా అమ్మాడు. అయినా ఆ డబ్బులిచ్చిన ఆడమనిషిని మాత్రం కొండ మీదికి రానివ్వలేదు. కొండెక్కబోయిన ఆడవాళ్లు చెట్లుగా, రాళ్లుగా మారిపోయారని కథలు అల్లారు.

కొండ కింద అషికురాజి అనే ఊళ్లో వాళ్లకోసం వేరే తంతు పెట్టారు. తెల్లబట్టలు కట్టుకుని, కళ్లకు గంతలు కట్టుకుని, తెల్లగుడ్డ పరిచిన వంతెన మీద నడవాలి. దాటితే కొండెక్కిన పుణ్యం వస్తుందట. కొండ ఎదురుగానే ఉంది, కళ్లకేమో గంతలు! ఈ తంతు మేజీ కాలంలో ఆగిపోయింది. 1996లో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ వంతెన మీద నడిచినవాళ్లు కావాలంటే మర్నాడు రైలెక్కి మురోదోకూ వెళ్లొచ్చు. తేడా అదే.

1872లో జపాన్ ప్రభుత్వం ఆజ్ఞ ఇచ్చి కొండల మీద స్త్రీనిషేధాన్ని రద్దు చేసింది. అంతకు ముందు ఏడాది, 1871లో, ‘ఎతా’, ‘హినిన్’ అని పిలిచే వెలివేసిన జాతుల హోదాను కూడా రద్దు చేసింది. కాగితం మీద పోయినంత సులువుగా బుర్రల్లోంచి పోలేదు. అందుకే ఆ జనం 1922లో క్యోటోలో ‘సుయిహేషా’ అనే సంఘం పెట్టుకుని పోరాడాల్సి వచ్చింది. వాళ్లలో చనిపోయినవాళ్లకు అవమానకరమైన ధమ్మనామాలు పెట్టి సమాధుల మీద చెక్కించిన బౌద్ధ ఆలయాలు కూడా ఉన్నాయి. నారా ప్రాంతంలోని ఒమినే కొండమీద, 1,719 మీటర్ల శిఖరానికి వెళ్లే దారిలో, స్త్రీలు రాకూడదనే బోర్డు ఇప్పటికీ ఉంది. శిఖరం మీద ఉన్నది బౌద్ధ ఆలయం.

రెండు రకాల బోర్డులు

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. తతెయామాలో కూడా ఇవాళ ‘రాకూడదు’ అనే బోర్డులున్నాయి. నరకలోయలోంచి వెళ్లే నడకదారిని 2012 నుంచి మూసేశారు, విషవాయువులు పెరిగాయని. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది, పల్లంలో పేరుకుంటుంది, మనిషిని నిమిషాల్లో చంపగలదు. కొండదారిలోకి సొంత కార్లను కూడా రానివ్వరు.

అంటే నిషేధమన్నదల్లా చెడ్డదేం కాదు. మరి ఒమినే బోర్డుకూ ఈ బోర్డుకూ తేడా ఎలా కనిపెట్టాలి? మూడు ప్రశ్నలు అడిగి చూడండి.

ఒకటి, ఎందుకు? లోయ బోర్డు కారణం చెప్తుంది, ఆ కారణాన్ని పరికరంతో కొలిచి చూడొచ్చు. మైల బోర్డుకు కొలిచే పరికరం లేదు, ‘పెద్దలు చెప్పారు’ అన్నదే కారణం.

రెండు, ఎవరికి? లోయ బోర్డు రాజుకూ కూలికీ, భిక్షువుకూ గృహస్థుకూ, ఆడకూ మగకూ ఒక్కటే. మైల బోర్డు పుట్టుకను చూసి ఆపుతుంది.

మూడు, ఎప్పటిదాకా? వాయువు తగ్గితే లోయ దారి మళ్లీ తెరవొచ్చు. మైలకు ముగింపు తేదీ లేదు.

ఇది కొత్త పద్ధతేం కాదు. ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో, బుద్ధవచనం ఏదో గుర్తించడానికి బాబాసాహెబ్ ఇచ్చిన కొలతలు ఇలాంటివే: హేతువుకు నిలవాలి, మనిషి మేలుకు పనికిరావాలి. రక్తపు మడుగు సూత్రం ఈ రెండింటిలోనూ నిలవదు. దాని మీద బుద్ధుడి పేరున్నా అది ధమ్మం కాదు.

థేరీగాథలో పుణ్ణిక కథ గుర్తుందా? ఆమె అనాథపిండికుడి ఇంట్లో నీళ్లు మోసే దాసి. చలికి వణుకుతూ ఏట్లో మునిగి పాపం కడుక్కుంటున్న బ్రాహ్మణుణ్ణి ఆమె నిలదీసింది. నీళ్లతో పాపం పోయేటట్టయితే నీళ్లలో బతికే కప్పలకూ తాబేళ్లకూ అందరికంటే ముందు స్వర్గం దొరకాలి గదా అని ఆమె వాదన. దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్దాం. నీళ్లు పాపాన్ని కడగలేవంటే, రక్తం పాపాన్ని అంటించలేదు కూడా. పాపం చేతల్లో ఉంటుంది, ఒంట్లో కాదు. సిద్ధార్థుడు కూడా మాయాదేవి కడుపున, ఆ రక్తంలోనే పుట్టాడు.

మన గడప దగ్గర

జపాన్ సంగతి ఇంతసేపు చెప్పుకున్నది వాళ్లను వేలెత్తి చూపడానికి కాదు. మన గడప వైపు చూసుకోవడానికి.

1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ దీక్ష తీసుకున్నారు, మనకు ఇరవైరెండు ప్రతిజ్ఞలు ఇచ్చారు. గోడ మీద దేవుళ్ల పటాలు తీసేశాం, బుద్ధుడినీ బాబాసాహెబ్‌నీ పెట్టుకున్నాం. మంచిదే. కానీ పౌర్ణమి నాడు ఇంట్లో వందన జరుగుతుంటే, ఆడపిల్ల గుమ్మం అవతల కూర్చుని ఉంటుంది. ‘రా తల్లీ’ అంటే వాళ్లమ్మ మెల్లగా అంటుంది: ‘పాప బయట ఉందండీ.’ బాలింత ఉన్న ఇంటికి ‘పురుడు వెళ్లాక వస్తాం’ అంటాం. అంటరానివాళ్లని మనల్ని ఊరి బయట పెట్టినవాళ్ల దగ్గరే ఈ మాట నేర్చుకున్నాం. మన పిల్లను మన ఇంట్లోనే బయట పెట్టాం.

‘అది శుభ్రత కోసం, విశ్రాంతి కోసం’ అని కొందరు అంటారు. అవే మూడు ప్రశ్నలు వేసి చూడండి. శుభ్రత కోసమైతే సబ్బూ నీళ్లూ చాలు, బుద్ధుడి పటానికి దూరంగా ఉండటంతో పనేముంది? విశ్రాంతి కోసమైతే, ఆ మూడు రోజులూ కలుపు తీయడానికి, కట్టెలు తేవడానికి ఎందుకు పంపుతున్నాం? విశ్రాంతి కావాలో వద్దో ఆమె చెప్పాలి. మనం నిర్ణయిస్తే అది విశ్రాంతి కాదు, వెలి.

‘పెద్దవాళ్లు నొచ్చుకుంటారు’ అనే మాట కూడా ఉంది. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఆ అమ్మ కూడా వాళ్లమ్మ దగ్గర ఆ భయాన్ని నేర్చుకుంది. ఆమెను గద్దించి లాభం లేదు. పక్కన కూర్చుని, ఎర్రటి మడుగులో ఉన్నది ఇనుప తుప్పే అన్నట్టు, నెమ్మదిగా చెప్పాలి. కరుణ లేని హేతువు మాట ఇంట్లో నిలవదు. అలాగని కరుణ పేరు చెప్పి ఆడపిల్లను గుమ్మం దగ్గరే ఉంచేయడం కూడా కరుణ కాదు.

ఇవాళ మురోదోలో పొద్దున్నే బస్సు దిగి, వీపుకు సంచీ తగిలించుకుని శిఖరం వైపు నడిచే ఆడవాళ్లలో నెలసరిలో ఉన్నవాళ్లూ ఉంటారు, చంటిబిడ్డల తల్లులూ ఉంటారు. వాళ్ల అడుగు పడినందుకు కొండ కూలలేదు. ఎవరూ చెట్టుగా మారలేదు, రాయిగా మారలేదు. కొండకు మైల లేదు, ఎప్పుడూ లేదు.

వచ్చే పౌర్ణమికి మన ఇంట్లో దీపం ఎవరు వెలిగిస్తారు? గుమ్మం అవతల కూర్చున్న ఆ పిల్లను పిలవండి. అగ్గిపెట్టె ఆమె చేతికివ్వండి.

నమో బుద్ధాయ. జై భీమ్.