భయంతో చంపితే తప్పు లేదా?

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక రాత్రి మా ఇంటి వసారాలో, కట్టెల కుప్ప పక్కన, పాము కనబడింది. మాది హోసూరు దగ్గర పల్లె. గోధుమరంగు ఒళ్ళు, వీపు మీద తెల్లటి మచ్చలు. చుట్టలు చుట్టుకొని, తోక ఆడిస్తా, తల ఎత్తి నిలబడింది. తమిళంలో సురుట్టై విరియన్ అనే చిన్న పింజర అనుకున్నాము. మన దేశంలో ఎక్కువ మందిని చంపే నాలుగు పాముల్లో అదొకటి. టార్చి నేనే పట్టుకున్నాను. "కొట్టు నాయనా!" అని అరిచింది కూడా నేనే. మా నాయన కట్టెతో కొట్టినాడు.

పొద్దున మా సైన్సు సారు చూసి, "ఇది పింజర కాదురా, పిల్లికళ్ళ పాము" అన్నారు. పింజర పొలుసులు గరుకుగా ఉంటాయి, అవి రాపాడితే గరగర చప్పుడొస్తుంది. దీని పొలుసులు నున్నన, మెడ సన్నన, తోక పొడవు. కంటిపాప పిల్లికి మాదిరి నిలువుగా ఉంటుంది. రాత్రిపూట తిరిగి తొండలు, బల్లులు, చిన్న ఎలుకలు తింటుంది. దీని విషప్పళ్ళు నోటి వెనక భాగంలో ఉంటాయి. ఆ కొంచెం విషం బల్లులకే గానీ, మనిషి ప్రాణం తీసేది కాదు. బెదిరితే పింజర మాదిరే చుట్టుకొని బుసకొడుతుంది.

అంటే అది కూడా మమ్మల్ని చూసి భయపడింది. భయపడి అది బెదిరించింది, భయపడి మేము చంపినాము.

నాయనతో చెబితే, "లోపల చంటిబిడ్డ నిద్రపోతా ఉంది. నీ పాము పేరు అడిగేకి నాకు టైము ఉందా?" అన్నాడు. ఆ మాట న్యాయమే. చీకట్లో పాములను గుర్తుపట్టబోవడం ప్రమాదం. కాబట్టి భయపడటం తప్పు కాదని నాకు అనిపిస్తుంది.

కానీ మాకు టైము ఉండింది. పాము మా మీదికి రాలేదు, మూలలోనే ఉండింది. తలుపు మూసి, దూరంగా నిలబడి, పాములు పట్టేవాళ్ళకు ఫోన్ చేసి ఉండొచ్చు. కొట్టబోయి కాటు తిన్నవాళ్ళు ఉన్నారు. బిడ్డను కాపాడటం, పామును చంపటం రెండూ ఒకటే అనుకున్నాము. అవి రెండు వేరు వేరు పనులు.

ఇంకో ప్రశ్న. అది నిజంగా పింజర అయ్యుంటే నాకు ఈ బాధ ఉండేదా? ఉండేది కాదు. అక్కడే నా ఆలోచనలో లోపం ఉంది. విషం పింజర చేసిన నేరం కాదు, అది దానితో పుట్టింది. ఇంట్లోకి రానివ్వకూడదు, నిజమే. అయినా చంపటం చివరి దారి కావాలి, మొదటి దారి కాకూడదు.

ఇప్పుడు కట్టెల కుప్పను ఇంటికి దూరంగా మార్చినాము. వసారాలో లైటు పెట్టినాము. అటవీశాఖ ఫోన్ నంబరు గోడ మీద నేనే రాసినాను. ఆ పాముకు దీనివల్ల లాభం లేదు. ఇంకొకటి వస్తే మాత్రం, టార్చి పట్టుకొని "కొట్టు" అనను, "ఆగు నాయనా" అంటాను.