ఏది ఎక్కువ తూగును?

ధ్యాన భాగము: హెబ్రీయులకు 11:24-27



పాపములో సుఖమే లేదని కొందరు చెప్పుదురు. వేదము అట్లు చెప్పుటలేదు. పాపమునకు ఒక భోగమున్నదని మోషేనుగూర్చిన ఈ భాగము దాచక ఒప్పుకొనుచున్నది. రుచిలేని ఎరను ఏ చేపయు మ్రింగదు గదా! సుఖమే లేనియెడల కల్లు దుకాణమునకు ఎవడు పోవును? పేకాటలో కూర్చున్నవాడు అన్నము మరచి ఏల కూర్చుండును? సుఖమున్నది. అయితే అది ఎన్నాళ్లుండును? దానికి మనము చెల్లించు వెల యేమి? ఈ రెండు ప్రశ్నలు అడుగుమని వాక్యము మనకు నేర్పుచున్నది.

మోషే స్థితిని తలంచుడి. నది యొడ్డున జమ్ముపెట్టెలో దొరికిన బిడ్డ ఫరో కుమార్తెకు కుమారుడై పెరిగెను. ఐగుప్తీయుల విద్యలన్నియు నేర్చెను. ఒక ప్రక్క రాజభవనము, మరియొక ప్రక్క మట్టి తొక్కి ఇటుకలు చేయుచు దెబ్బలు తినుచున్న స్వజనులు. కంటితో చూచి లెక్క వేయువాడు ఏ ప్రక్క నిలుచును? అయినను 40 సంవత్సరముల ప్రాయమున మోషే ఇటుకలు మోయువారి ప్రక్కకు వచ్చెను. క్రీస్తు కొరకు పడు అవమానమునే అతడు గొప్ప ఆస్తిగా లెక్కించెనని ఈ పత్రిక సాక్ష్యమిచ్చుచున్నది.

ఈ లెక్క అతనికెట్లు తెలిసెను? 27వ వచనములో ఆ రహస్యమున్నది. కంటికి కనబడనివానిని అతడు చూచుచుండెను. ప్రియులారా, నరకభయముచేత మాత్రమే పాపము మానినవాడు భయము తగ్గగానే మరల దానియొద్దకు పోవును. పరువు పోవునని మానినవాడు చీకటి పడువరకు కనిపెట్టును. క్రీస్తును ప్రేమించి మానినవాడే నిలుచును. యోసేపును చూడుడి. పోతీఫరు ఇంట ఎవరును లేని దినమున ఆ స్త్రీ అతని వస్త్రము పట్టుకొనెను. తండ్రి చూడలేదు, సహోదరులు చూడలేదు. పట్టుబడుదునేమో అనునది అతని చింత కాదు. దేవునికి విరోధినగుదునే అనునదే అతని చింత. వస్త్రము విడిచి పారిపోయెను.

మీరు కళ్లములో తూర్పారబట్టుదురు గదా. నూర్చిన రాశి చూచుటకు పెద్దదిగా నుండును. గాలికి ఎత్తి పోసినప్పుడు తాలు ఎగిరి దూరముగా పడును. గట్టిగింజ మాత్రము దగ్గరనే నిలుచును. పాపసుఖము తాలువంటిది. చూపునకు గింజయే గాని లోపల బియ్యము లేదు. వ్యాధి గాలి, మరణపు గాలి వీచునప్పుడు మనకు మిగులునది క్రీస్తుతోడి సహవాసమే.

సంఘ చరిత్రలోని అగస్టీనును జ్ఞాపకము చేసికొనుడి. అతడు 354వ సంవత్సరమున ఉత్తర ఆఫ్రికాలో పుట్టెను. తల్లియైన మోనికా అతని కొరకు ఏండ్ల తరబడి కన్నీటితో ప్రార్థించెను. అతడు గొప్ప పండితుడాయెను గాని శరీరాశలకు దాసుడై యుండెను. పరిశుద్ధత కావలెనని కోరును. అయితే ఇప్పుడే వద్దని వాయిదా వేయును. 386వ సంవత్సరమున మిలాను పట్టణములోని ఒక తోటలో అతడు ఏడ్చుచుండగా, తీసి చదువుమని ఒక పసి స్వరము వినబడెను. రోమా పత్రిక తెరచి 13వ అధ్యాయపు చివరి మాటలు చదివెను. 387లో బాప్తిస్మము పొందెను. ఏ సుఖములను విడుచుటకు భయపడెనో వాటిని విడుచుటయే తనకు ఆనందమాయెనని తరువాత వ్రాసికొనెను. వాటికంటె మధురమైనవాడు అతని హృదయములో ప్రవేశించెను గనుక అట్లాయెను.

ఇప్పుడు మన సంగతి చూతము. కోతలైన పిమ్మట కూలి డబ్బు చేతికి వచ్చిన సాయంకాలము మనకు పరీక్ష. భార్య పొయ్యి యొద్ద ఎదురుచూచుచుండును. దుకాణము దారిలోనే యుండును. పొరుగువాని గట్టు జానెడు జరుపుకొనగల అవకాశము మనకు పరీక్ష. ఇల్లంతయు నిద్రించు వేళ ఫోనులో చూచునవి మనకు పరీక్ష.

సంస్కారపు ఆదివారమున ప్రభువు బల్ల సిద్ధపరచినప్పుడు కొందరు వెనుకనే కూర్చుండి, తలవంచుకొని వెళ్లిపోవుదురు. అన్నా, అమ్మా, మిమ్మును గద్దించుటకు ఈ మాట వ్రాయుటలేదు. రహస్య సుఖమునకు మీరు చెల్లించుచున్న వెల యేమో ఆ వెనుక వరుసయే మీకు చెప్పుచున్నది. డబ్బు పోవుట చిన్న నష్టము. ప్రార్థించుటకు నోరు రాకపోవుట, ఇంట బిడ్డలు కీర్తన పాడుచుండగా వారితో గొంతు కలుపలేకపోవుట, ప్రభువు ముఖము తప్పించుకొని తిరుగుట, ఇదియే పెద్ద నష్టము. పాపములో పడిన దావీదు తన రాజ్యము నిలువవలెనని 51వ కీర్తనలో అడుగలేదు. దేవుని సన్నిధినుండి త్రోసివేయబడకూడదని ఏడ్చెను.

ఆ బల్ల యొద్దకు పిలుచువాడు మీకొరకు గాయపడినవాడే. పండుగ వెళ్లనిమ్ము, పంట ఇంటికి రానిమ్ము అని వాయిదా వేయకుడి. ఈ రాత్రియే ఒప్పుకొనుడి, విడిచిపెట్టుడి. ఒంటరిగా విడువలేనియెడల సంఘపెద్దలలో ఒకరితో చెప్పుడి. మీతోకూడ మోకరించుటకు మేమున్నాము.

మోషే నష్టపోయెనా? 120 సంవత్సరముల వయస్సున నెబో కొండమీదనుండి కనానును కంటితో మాత్రమే చూచి మృతినొందెను. ఐగుప్తును విడిచెను, కనానులో అడుగు పెట్టలేదు. రెండును పోగొట్టుకొనెనని లోకము నవ్వవచ్చును. అయితే లూకా 9వ అధ్యాయము తెరచి చదువుడి. ఆ దేశములోనే ఒక కొండమీద, మహిమతో ప్రకాశించుచున్న యేసుతో మాటలాడుచు మోషే నిలిచియున్నాడు. ఫరో కుమార్తె కుమారుడను పేరు విడిచినవాడు దేవుని కుమారుని ప్రక్కన నిలిచెను. ఇంతకంటె లాభమేమి కావలెను?

కనబడనివానిని చూచు కన్నులు ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.