చావు దగ్గరపడిందని తెలిసినప్పుడు



మార్కాపురంలో పలకల పని చేసినవాళ్ల ఇళ్లలో ఆ దగ్గు మీరు వినే ఉంటారు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. అలాంటి మనిషి నడిరేయి లేచి కూర్చుని "నాకు భయమేస్తోందిరా" అంటే ఏం చెబుతాం? వెనకటికైతే స్వర్గం పేరు చెప్పి ఊరడించేవాళ్లం. 22 ప్రతిజ్ఞలు చేసినవాళ్లం, పిండాలు పెట్టనివాళ్లం, ఆ మాట ఇక మన నోట రాదు. మరి ఏ మాట వస్తుంది?

ఒక వీడియో గేమ్ కథ చెబుతాను, నవ్వకండి. 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2', 2018లో వచ్చింది. కథ 1899 నాటి అమెరికాది. ఆర్థర్ మోర్గన్ దొంగల ముఠా మనిషి. అప్పు వసూలుకు పోయి, క్షయతో ఉన్న ఒక పేద రైతును కొడతాడు. రైతు దగ్గితే ఆ రక్తం ఆర్థర్ మొహాన పడుతుంది. రైతు చనిపోతాడు. కొన్నాళ్లకు ఆర్థర్‌కూ క్షయ అని తేలుతుంది. (కాల్పులు చాలా ఉన్న ఆట ఇది. మొదటి శీలం తీసుకున్నవాళ్లం, చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి.)

ఆటల్లో చచ్చినా మళ్లీ లేవొచ్చు కదా అంటారు. ఇందులోనూ మధ్యలో పడిపోతే లేవొచ్చు. కానీ కథ చివర్లో వచ్చే చావుకు తిరుగు లేదు. ఆడేవాడు ఆర్థర్‌ని మంచిగా నడిపినా, చెడుగా నడిపినా అతను పోతాడు. ఎలా పోతాడన్నదొక్కటే మారుతుంది. మంచిగా నడిపిస్తే ఒక రైలు స్టేషన్లో, తనకు తెలిసిన క్రైస్తవ సన్యాసిని దగ్గర, భయంగా ఉందని ఒప్పుకుంటాడు. వడ్డీ వ్యాపారం నడిపే తోటివాణ్ణి ముఠా నుంచి తరిమేస్తాడు. దిక్కులేకుండా అయిన ఆ రైతు భార్యకూ కొడుక్కూ డబ్బిస్తాడు. భయం పోయాక చేసిన పనులు కావివి. భయంతోనే చేశాడు.

చావు భయంతో చేసిన మంచికి విలువేముంది అని ఒక కుర్రాడు నన్నడిగాడు. ఆ తల్లీకొడుకుల కంచంలో పడ్డ మెతుకు ఏ మనసుతో వచ్చిందో చూసుకుంటుందా?

నన్ను ఇబ్బంది పెట్టింది మాత్రం వేరే సంగతి. మన ఇంట్లో దగ్గేవాడు ఆర్థర్ కాడు, ఆ రైతు. పశ్చాత్తాపపడటానికి అతను చేసిన తప్పేమీ లేదు. అతని భయం కూడా సగం తన గురించి కాదు, తీరని అప్పు గురించి, పిల్లల చదువు గురించి. అతని ముందు అనిత్యం గురించి ఉపన్యాసం ఇస్తే అది ఉత్త మాటే.

విరేచనాలతో ఒంటరిగా పడి ఉన్న ఒక భిక్షువుకు, ఆనందుడు సాయం రాగా, బుద్ధుడు తన చేతులతో స్నానం చేయించి మంచం మీద పడుకోబెట్టాడు. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో రోగుల పట్ల బుద్ధుని శ్రద్ధను ప్రత్యేకంగా రాశారు. మరణం గురించి బోధ అయ్యాక నీళ్లు పోయలేదు ఆయన, ముందే పోశాడు.

ఈ ఆదివారం వందన అయ్యాక మీ పేటలో అలా మంచం పట్టినవాళ్లు ఎవరున్నారో చూడండి. పక్కన కూర్చుని, "నీకు ఏ పని మిగిలిపోయిందన్నా?" అని అడగండి. అతను ఏదో ఒకటి చెబుతాడు.