శరీర పాఠం: సిగ్గెవరిది?

శంషాబాద్ విమానాశ్రయం 2008లో మొదలైన తరువాత రహదారి పొడుగునా పొలాలు పోయి ఫంక్షన్ హాళ్లు లేచాయి. కళాశాలకు పోతూ వాటి ముందు ఫ్లెక్సీలు చూస్తుంటాను. పన్నెండేళ్ల పిల్ల పట్టుచీరలో తలవంచుకుని వుంటుంది. ఆ పిల్ల దేహంలో ఏం జరిగిందో ఊరంతటికీ తెలుసు. సరిగ్గా తెలియనిది ఆ పిల్లకే.

పాఠశాలలో లైంగిక విద్య మన సంస్కృతికి సరిపడదని 2009లో రాజ్యసభ వినతుల సంఘం, వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన, తేల్చింది. పిల్లల అమాయకత్వాన్ని కాపాడాలన్న తపనను నేను తోసిపారెయ్యను. ఐతే సంస్కృతి మైకు పెట్టి చాటేదాన్ని పాఠశాల మెల్లగానైనా చెప్పకూడదనటంలో తర్కమేమిటి? ఆ చాటింపు పెళ్లిబజారు కోసం. పిల్లకు చెందవలసింది జ్ఞానం. మనం ఆపుతున్నది దాన్నే.

మగపిల్లవాడికి ఆ చాటింపూ లేదు. పదమూడో యేట గొంతు బొంగురుపోతే రోగమనుకుని నెలరోజులు పసుపుపాలు తాగాను. మా మాస్టారు ఆ పాఠాన్ని "ఇంటికాడ చదువుకోండ్రి" అని దాటేశారు. ఇంట్లో ఎవర్నడగను?

ఇక యీ రెండింటిలో ఇమడని బిడ్డ సంగతి. హిజ్రాలను అదుపులో పెట్టాలని నైజాం ప్రభుత్వం 1329 ఫసలీలో, అంటే 1919లో, ఒక చట్టం చేసింది. రిజిస్టరుకెక్కిన మనిషి ఆడదుస్తుల్లో వీధిలో కనబడితే వారంటు లేకుండా పట్టుకోవచ్చు; రెండేళ్లదాకా జైలు. నైజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం నిలిచింది. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో దాన్ని కొట్టివేసింది. నూటనాలుగేళ్లు! ఐనా బెంచీల మధ్య తిరిగే తిట్టును ఏ కోర్టు కొట్టివేస్తుంది? అది ఉపాధ్యాయుడి పని.

చెప్పవలసింది కొత్త సిద్ధాంతమేమీ కాదు. పిండం ఆరేడు వారాలదాకా ఆడామగా ఒకే తీరుగా వుంటుంది. టెస్టోస్టిరాన్, ఈస్ట్రోజెన్ రెండూ అందరి దేహాల్లోనూ వుంటాయి, పాళ్లే వేరు. ఇది అర్థమైన పిల్లవాడు పక్క బెంచీవాణ్ణి వింతజంతువుగా చూడటం కష్టం.

నేను తెలుగు చెప్పేవాణ్ణి. మహత్తు, అమహత్తు వివరిస్తుంటే, ఆడమనిషికీ గొడ్డుకీ ఒకటే "వచ్చింది" ఏమిటని అమ్మాయిలు దెబ్బలాడతారు. మొన్న వెనక బెంచీలోంచి ఒక విద్యార్థి అడిగారు: "వచ్చాడు, వచ్చింది, రెండూ నాకు కుదరకపోతే సార్?" బహువచనంలో మన క్రియకు ఆ భేదం లేదన్నాను. "వచ్చారు." ఎవరూ నవ్వలేదు.

మర్నాడు హాజరు పిలుస్తూ ఆ పేరు దగ్గర తడబడింది నేనే.