నాణెంతో గెలిచినవాళ్ళు

పోటీలో ఒకరికి అదనంగా ఏదైనా ఇస్తే వాళ్ళ గెలుపు విలువ తగ్గిపోతుందా? ఈ ప్రశ్నని ఆడవాళ్ళ మీద ఎంత తరచుగా వాడతారో ఈ పేజీలు చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో స్టాఫ్‌రూంలో "లేడీస్ కోటా కదా" అన్నారు, నవ్వుతూనే. నా పిహెచ్.డి. సంగతి ఎవరూ ఎత్తలేదు. జవాబు నాకు సిద్ధాంత గ్రంథాల్లో కంటే సూటిగా ఒక కార్డుల ఆటలో దొరికింది.

2014లో బ్లిజర్డ్ సంస్థ విడుదల చేసిన హార్త్‌స్టోన్‌ని కాప్రాలో మా అక్క కూతురి దగ్గర నేర్చుకున్నాను. ఫోన్లో ఇద్దరాడే ఆట. ఎవరి కట్ట వాళ్ళు ముందే కూర్చుకుంటారు, 30 ముక్కలు. ప్రతి ముక్కకీ ఒక ఖరీదు. అది చెల్లించే 'మానా' మొదటి వంతులో 1, రెండో వంతులో 2, అలా 10 దాకా పెరుగుతుంది. అందుకని ముందు ఆడేవాళ్ళు ఒక అడుగు ముందుంటారు. ఎవరు ముందన్నది బొమ్మా బొరుసా వ్యవహారమే, అందులో ఎవరి గొప్పా లేదు. ఆట తయారుచేసినవాళ్ళు ఆ సంగతి దాచలేదు. మొదటివాళ్ళకి 3 ముక్కలిచ్చి, రెండోవాళ్ళకి 4 ముక్కలూ, పైగా ఒక నాణెమూ ఇచ్చారు. నాణేనికి ఖరీదు లేదు. వాడిన వంతులో ఒక్క మానా ఎక్కువిస్తుంది, అంతే.

దాన్నెప్పుడు వాడాలన్నదే వ్యూహం. మొదటి వంతులోనే ఖర్చుపెట్టి 2 ఖరీదు ముక్క దించవచ్చు, నాలుగో వంతుదాకా దాచి 5 ఖరీదుది దించవచ్చు. మా పిల్ల దాచే రకం, నేను తొందరపడే రకం. కానీ నేను గెలిచినప్పుడు "నీకు కాయిన్ వచ్చింది కాబట్టి" అని అది ఒక్కసారీ అనలేదు. వెనక మొదలుపెట్టడం ఇద్దరికీ కనిపిస్తోంది మరి. స్టాఫ్‌రూంలో నాణెం ఒక్కటే కనిపిస్తుంది. ఎవరు ముందు మొదలుపెట్టారో కనిపించదు.

అయితే నాణెం వంతుని సరిచేస్తుంది గాని కట్టని కాదు. ముక్కలు ఐదేసి చొప్పున పొట్లాల్లో వస్తాయి. ఆడి సంపాదించుకోవచ్చు, డబ్బుంటే కొనుక్కోవచ్చు. 1967లో సికింద్రాబాదులోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆట అంది. పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి అని. రమ్మీలో అందరూ ఒకే పేకలోంచి తీస్తారు కాబట్టి అదృష్టమా, నైపుణ్యమా అని అడిగితే సరిపోతుంది. కట్ట ఇంటినుంచి తెచ్చుకునే ఆటలో ఆస్తి గురించి కూడా అడగాలి.

నా కట్టలో నాన్న పుస్తకాల బీరువా, ఇంట్లో వినిపించే ఇంగ్లీషు, అగ్రకులం పేరు నేను పుట్టకముందే ఉన్నాయి. నాతో పరిశోధన చేసిన దళిత స్నేహితురాలికి ఇవేవీ లేవు. స్త్రీలుగా మా ఇద్దరికీ దక్కిన నాణెం మాత్రం ఒకటే. 2023లో చట్టసభల్లో మహిళలకి మూడోవంతు స్థానాలిచ్చే రాజ్యాంగ సవరణ వచ్చినప్పుడు, బీసీ స్త్రీల వాటా ఏదని మళ్ళీ అడిగారు. నాణెం కోసం గట్టిగా వాదించే మనలో చాలామందికి ఆ ప్రశ్న దగ్గర గొంతు తగ్గుతుంది.